ట్యాంకరు దగ్గర తేలిన పౌరసత్వం

రెవెన్యూ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మేడం, మీ అనుభవంలోంచి మాకేమైనా చెప్పండి" అంటారు. నిజానికి వాళ్ళకు కావలసింది నా అనుభవం కాదు, ఏ సీటులో పని తక్కువో ఆ సంగతి. అది మాత్రం చెప్పను. సర్వీసంతా వెతికినా నాకే దొరకని సీటు, వీళ్ళకు ఊరికే ఎట్లా చెబుతాను? దానికి బదులు ఈ నాలుగు పేజీలు రాసి పెడుతున్నాను. ఇందులో నా ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు. వచ్చినవే తక్కువ, అవీ ఆలస్యంగా వచ్చాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అనంతపురం కలెక్టరాఫీసులో నేను సూపరింటెండెంటుగా ఉన్న సెక్షన్‌ను అందరూ చిల్లర సెక్షన్ అనేవాళ్ళు. ఏ సెక్షనూ వద్దన్న కాగితం మా బల్ల మీదికి వచ్చి పడేది. సినిమా హాళ్ళ లైసెన్సులు, టపాసుల అంగళ్ళ అనుమతులు, వాటితో పాటు పరాయి దేశాల వాళ్ళ పౌరసత్వం అర్జీలు. ఒక మనిషి ఏ దేశానికి చెందుతుంది అన్న ప్రశ్న, చిచ్చుబుడ్లు ఎక్కడ పెట్టి అమ్ముకోవాలి అన్న ప్రశ్న ఒకే బీరువాలో ఉండేవి. టపాసుల ఫైలుకే తొందర ఎక్కువ. దీపావళి ఆగదు కదా. మనిషైతే ఆగుతుందని ప్రభుత్వం నమ్మకం.

ఊరు చెప్పే సాక్ష్యం

మీకు ట్రైనింగులో చెప్పరు గాని, ముందు ఇది తెలుసుకోండి. పల్లెలో విచారణకు పోతే మీ ప్రశ్నకు జవాబు రాదు. మీరు వచ్చిన పనికి జవాబు వస్తుంది.

నేను బత్తలపల్లెలో పనిచేసేటప్పుడు వృద్ధాప్య పింఛన్ల విచారణకు పోయాను. ఒకాయన తన వయసు డెబ్బై అన్నాడు. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ, ఆమె కూడా అర్జీదారే, తన వయసు అరవై ఐదు అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అవునవునని తలలు ఊపారు. "తల్లికంటే కొడుకు పెద్దోడెట్లయినాడప్పా?" అని అడిగాను. సర్పంచు రెప్ప కొట్టకుండా, "కష్టం మేడం. కష్టపడేటోడికి వయసు బిరీన పెరుగుతాది" అన్నాడు. ఇంత మంచి కారణం నాకు ఏ జీవోలోనూ కనబడలేదు.

ఇంకో ఊళ్ళో పంట నష్టం రాసుకోవడానికి పోతే ఒకే ఒక్క రైతు నిజం చెప్పాడు, నా చేను సగం పండిందని. ఊరందరికీ పరిహారం వచ్చింది, ఆయనకు తప్ప. ఆ తర్వాత ఆయన పెండ్లాం చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదట. జీపు దిగినవాడికి నిజం చెబితే ఇల్లు గుల్లవుతుందని పల్లెకు నేర్పింది ఎవరు? మనమే. పాఠం మనం చెప్పాం, వాళ్ళు బాగా చదువుకున్నారు. ఆ చదువు ఒక ఆడమనిషి కాపురం మీదికి ఎట్లా వచ్చిందో ఇప్పుడు రాస్తాను.

సిలోన్ నుంచి తనకల్లుకు

కుసుమ శ్రీలంక మనిషి, సింహళావిడ. కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వంట చేసేది. అదే ఇంట్లో కారు డ్రైవరు ఓబులేసు, మన తనకల్లు దగ్గర ఒక పల్లెవాడు. ఇద్దరి మధ్య కథ ఎట్లా నడిచిందో నా సెక్షన్ పరిధిలోకి రాదు కాబట్టి వదిలేస్తున్నాను. తొంభైల చివర్లో పెండ్లి రిజిస్టరు చేసుకుని పల్లెకు వచ్చి కాపురం పెట్టారు. మా జిల్లా జనమంతా మూట కట్టుకుని బెంగళూరుకు పోతున్న రోజులవి. కొబ్బరిచెట్లు, కావలసినన్ని వానలు ఉన్న దేశం వదిలి, వేరుశెనక్కాయ చేలల్లో దుమ్ము తినడానికి ఇష్టపడి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. పౌరసత్వం సంగతి తర్వాత, ముందు ఆమె మతి సరిగ్గా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ అడగాల్సింది.

ఏటేటా అనంతపురం వచ్చి, పోలీసాఫీసులో నివాస అనుమతి పొడిగించుకుని పోయేది. అట్లా చాలా ఏండ్లు జరిగింది. చివరికి కొత్తగా వచ్చిన ఒక అధికారి, "దసరాతో ఇది ముగుస్తుంది. ఈలోపు పౌరసత్వం తెచ్చుకో, లేదంటే మీ దేశానికి పో" అని తేల్చేశాడు. కుసుమకు ఇద్దరు ఆడపిల్లలు, ఊరి బళ్ళో చదువుతున్నారు. పిల్లలు భారతీయులే, వాళ్ళ నాయన భారతీయుడే. తల్లి ఒక్కతే కాదు. పోవాల్సి వస్తే ఆమె ఒక్కతే పోవాలి.

చట్టప్రకారం ఆమెకు అర్హత ఉంది. ఇక్కడి మనిషిని పెండ్లాడింది, కావలసినన్ని ఏండ్లు ఇక్కడే ఉంది. ఉన్నట్టు ఊరివాళ్ళు చెప్పాలి, అంతే. కదిరి రెవెన్యూ ఆఫీసు నుంచి విచారణ రిపోర్టు రావాలి. వచ్చింది. చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

"ఈ గ్రామమునందు విదేశీయులెవ్వరూ లేరు. కుసుమమ్మ పుట్టుకతో ఈ గ్రామస్తురాలే. ఆమె వంశస్థులు మూడు తరములుగా ఇచ్చటనే వ్యవసాయము చేసుకొనుచున్నారు." కింద ఊరంతా వేలిముద్రలు వేశారు.

జీపును చూసి, ఆమెను పట్టుకుపోవడానికి వచ్చారనుకున్నారు. దాచేశారు. పరాయి దేశపు పిల్లను ఒక్క మధ్యాహ్నంలో మూడు తరాల రైతు కుటుంబం చేసేశారు. అంత ప్రేమ ఎవరికి దొరుకుతుంది చెప్పండి! ఆ ప్రేమతోనే ఆమె అర్జీకి నీళ్ళు వదిలారు.

ఇంటర్వ్యూ

అప్పటి మా డీఆర్వో, అంటే కలెక్టరు కింద రెవెన్యూ పనులన్నీ చూసే అధికారి, కోస్తా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని తేలిక, ఏం కావాలో వాడే అడుగుతాడు. ఈయన నిజాయితీపరుడు, పైగా ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. పౌరసత్వం ఇంటర్వ్యూ అంటే పరీక్ష హాలు అనుకున్నాడు. కుసుమను నిలబెట్టి మొదలుపెట్టాడు. నేను ఫైలు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"మన దేశంలో ముఖ్యమైన పంట ఏంటమ్మా?"

"శెనక్కాయ సార్."

ఆయన మొహం మాడింది. ఆయన ఊళ్ళో పంటంటే వరి. "సరే. వర్షాకాలం ఏ నెలలో మొదలవుతుంది?"

"తెలీదు సార్. నేనొచ్చినాక ఇంగా రాలేదు."

నేను ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. "రాష్ట్రపతి గారు ఏం చేస్తారు?"

"నాకేం తెలుసు సార్? మా ఊర్లో ట్యాంకరు వచ్చేది మండలాఫీసోళ్ళు పంపిస్తే. వాళ్ళనైతే అందర్నీ ఎరుగుదును."

"జాతీయగీతం వచ్చా?"

వచ్చు. పిల్లలతో పాటు నేర్చుకుంది. పాడడం మొదలుపెట్టగానే డీఆర్వో లేచి నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. టీ పట్టుకుని లోపలికి వచ్చిన అటెండరు తలుపు దగ్గరే బిగుసుకుపోయాడు. పాట చక్కగానే పూర్తయింది, టీ మాత్రం చల్లారిపోయింది. ఆయనకు ఆమె పాట నచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. అంతలో రిపోర్టు విప్పాడు.

"ఇదేంటమ్మా? నువ్వు ఆ ఊళ్ళోనే పుట్టావని ఊరంతా చెబుతోంది."

"వాళ్ళు నా మీద ప్రేమతో అట్ల చెప్పినారు సార్. నేను సిలోన్‌లో పుట్టినా. పాస్‌పోర్టు సూడండి."

"పాస్‌పోర్టు నువ్వు శ్రీలంక మనిషివని చెబుతుంది. కానీ శ్రీలంక మనిషి ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేసిందని ఎవరు చెప్పాలి? అసలు అట్లాంటి మనిషి ఊళ్ళోకే రాలేదని వాళ్ళు వేలిముద్రలు వేశారే! అయితే నీ అర్జీ అబద్ధం కావాలి, లేదా ఊరంతా అబద్ధం కావాలి. దేన్ని నమ్మి సంతకం పెట్టను?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు, అదే నాకు కోపం తెప్పించింది. ఎదుట మనిషి నిలబడి ఉంది, ఆమె ఉన్నట్టు సాక్ష్యం లేదు! పదేండ్ల సర్వీసు నిండాక మీకు కూడా ఒకరోజు ఇట్లాంటి తర్కం సరైనదిగా అనిపిస్తుంది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో పడుకోండి. దేశానికి మేలు.

బయట వరండాలో కుసుమ నా చేయి పట్టుకుంది. "మేడం, సిన్నదానికి ఇంగా జడేసుకునేది రాదు. నేను పోతే దానికి ఎవరు ఏస్తారు?" అంది. ఏడవలేదు.

ఊరు నోరు విప్పదు

నేనే పల్లెకు పోయాను. విత్తనాల కోసం శెనక్కాయలు ఒలిచే కాలం. ఓబులేసు ఇంటి పంచలో ఆడవాళ్ళు చేటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. కుసుమ అత్త గంగులమ్మకు నేను ఓపికగా అంతా వివరించాను. కోడలు పరాయి దేశం నుంచి వచ్చిందని మీరు నిజం చెబితేనే ఆమె ఇక్కడ ఉండగలదు, చెప్పకపోతే పంపించేస్తారు అని.

గంగులమ్మ కాయ ఒలవడం ఆపకుండా విన్నది. "అర్థమాయె తల్లీ" అంది. నేను కాగితం తీశాను. "అయితే చెప్పు పెద్దమ్మా, నీ కోడలు ఏ దేశం నుంచి వచ్చింది?"

"యా దేశం లేదు, ఏం లేదు. అది మా అక్క కూతురు" అంది గంగులమ్మ.

పక్కన చెన్నమ్మ కూర్చుని ఉంది. ఈమె గురించి చెప్పాలి. పక్కింటావిడ. కుసుమకూ ఈమెకూ ఊళ్ళో పేరుమోసిన పగ. కోడి దొడ్లోకి వచ్చిందని, గోడ మీద పిడకలు కొట్టిందని, నీళ్ళ దగ్గర బిందె తగిలిందని, రోజుకో యుద్ధం. ఈమైనా కోపంతో నిజం చెబుతుందని నాకు ఆశ పుట్టింది.

"నువ్వు చెప్పు చెన్నమ్మా. కుసుమ ఎక్కడిది?"

చెన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఈడిదే. నేనూ అదీ సిన్నప్పుడు గచ్చకాయలాడుకున్నాము" అంది. చెన్నమ్మకు మనవళ్ళు ఉన్నారు.

"అది గాదమ్మా, నిజం చెబితే ఆమెకు మేలు..."

"మేలు చేస్తామని వచ్చిన జీపులు శానా సూసినాం లేమ్మా" అంది. పంచలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ జీపుల్లో సగం మా ఆఫీసువే.

కుసుమ నన్ను రోడ్డు దాకా సాగనంపింది. బస్సు కోసం నిలబడి ఉండగా, "మేడం, మీ సారు ఎప్పుడైనా ఈ పక్కకి వస్తాడా?" అని అడిగింది.

"తాగునీళ్ళ పనులు చూడ్డానికి వచ్చేవారం తనకల్లు మండలానికి వస్తాడు."

"మా ఊరికి ట్యాంకరు వచ్చే యాళకు తోడుకొని రాండి. ఆ సారు పలకకుండా పక్కన నిలబడాల, అంతే. మిగిలింది నేను సూసుకుంటా."

ఏం చూసుకుంటుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. తెలిస్తే ఆపాల్సి వస్తుంది.

ట్యాంకరు

కరువు పల్లెలో నీళ్ళ వరుస గురించి కోస్తావాళ్ళకు తెలియదు. తెల్లవారకముందే బిందెలు వరుసలో పెట్టి ఇంటి పనులకు పోతారు. మనిషి లేకపోయినా బిందె ఆమె చోటు కాపాడుతుంది. ఎవరి బిందెనూ ఎవరూ కదపరు. కోర్టు తీర్పు కదిలించవచ్చు, వరుసలో బిందెను కదిలించకూడదు.

మరుసటి వారం డీఆర్వో, నేను వేపచెట్టు నీడలో నిలబడ్డాం. ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్ళు ఎవరి బిందె దగ్గరికి వాళ్ళు చేరారు. కుసుమ నింపాదిగా వచ్చి, చెన్నమ్మ బిందెను కాలితో పక్కకు నెట్టి, ఆ చోట తన బిందె పెట్టింది.

ఒక్క క్షణం ట్యాంకరు డ్రైవరు కూడా నోరు తెరిచి చూశాడు. ఆ తర్వాత చెన్నమ్మ అందుకుంది.

"ఏమ్మే సిలోన్‌దానా! నా బిందెను తన్నేటంత పొగరెక్కిందా నీకి? సముద్రం అవతల నుంచి దిగబడి మా నెత్తిన కూర్చున్నావు గదే!"

"ఎవరే సిలోన్‌ది? నేను ఈడే పుట్టినా. మనమిద్దరం గచ్చకాయలాడలా?"

"నువ్వు ఈడ పుట్టినావా? ఓబులేసుతో బస్సు దిగినపొద్దు చెప్పులు చేత పట్టుకొని ఈ దుమ్ములో ఏడ్చుకుంటా వచ్చినావు, నేను సూడలా? సంగటి ముద్ద నమిలి నమిలి కక్కుకుంటాంటే, నమలగూడదే మింగాల అని నేర్పించిందెవురే? నేను గాదా? మొదటేడు కాయ పెరికి చేతులు బొబ్బలెక్కితే ఆముదం పూసిందెవురు? ఆ యేడూ కరువే. పెద్దబిడ్డ కడుపులో ఉన్నప్పుడూ కరువే, అప్పుడు మా ఇంటి నీళ్ళు సగం పోసిచ్చినా నీకి. సిన్నది పుట్టిన యేడు గాలి కొట్టి మా గోడ పడితే, నీ ఇంట్లోనే గదే పదిదినాలు పండుకొన్నేది! ఇన్ని కరువులు మాతో తిని ఇంగా నా బిందె తన్నుతావా, సిలోన్‌దానా!"

నేను పక్కకు చూశాను. డీఆర్వో జేబులోంచి పెన్ను తీసి, ట్యాంకరు తనిఖీ కాగితం వెనక గబగబా రాసుకుంటున్నాడు. ఏ ఏడు వచ్చింది, ఏ కరువులో ఎక్కడుంది, ఏ బిడ్డ ఎప్పుడు పుట్టింది. వేలిముద్రలేసి ఊరు దాచిందంతా చెన్నమ్మ ఒక్క గుక్కలో అప్పజెప్పింది. నా సర్వీసులో అంత పక్కాగా చెప్పిన సాక్ష్యం ఇంకోటి వినలేదు.

అప్పుడు చెన్నమ్మ మమ్మల్ని చూసింది. ఆయన చేతిలో పెన్ను చూసింది. మనిషి ఒక్కసారిగా వాడిపోయింది.

"అయ్యో, నా నోట్లో మన్నుపడ!" అని పరుగెత్తుకొచ్చి డీఆర్వో కాళ్ళ ముందు కూలబడింది. "సారూ, అంతా అబద్ధం సారూ! కోపంలో కూసినా. అది ఈ ఊరిదే. దాన్ని పంపియ్యొద్దండి, నీ బిడ్డలు సల్లగుండాల. కావాలంటే నన్ను తోడకపోండి!"

తిట్టిన నోటితోనే అంత బ్రతిమాలింది. కుసుమ వచ్చి ఆమెను లేపి గట్టిగా పట్టుకుంది. "లేదక్కా, నువ్వు చెప్పిందే మంచిదాయె. నేను యాడికీ పోను" అంటోంది. చెన్నమ్మకు ఎక్కడం లేదు. గంగులమ్మ వచ్చి చెన్నమ్మ వీపు మీద ఒకటి చరిచింది. అంతలో ట్యాంకరు పైపు జారి నీళ్ళు నేల పాలవుతుంటే, ముగ్గురూ ఏడుపు ఆపి పైపు పట్టుకోవడానికి పరుగెత్తారు.

డీఆర్వో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు. దుమ్మేననుకుందాం. తర్వాత చెన్నమ్మను పిలిచి, చివరి ప్రశ్న అడిగాడు, అది చట్టంలో ఉంది: "ఈమె నడవడి ఎట్లాంటిదమ్మా?"

"నడవడికేం సార్, బంగారం" అంది చెన్నమ్మ ముక్కు చీదుకుంటూ. "నోరే మంచిది గాదు."

ఆయన మొదటి సగమే రాసుకున్నాడు. ఉద్యోగంలో ఆయన చేసిన తెలివైన పని అదేనని నా అభిప్రాయం.

ప్రమాణం

రిపోర్టు దసరాలోపే పోయింది. అది చూపించి అనుమతి పొడిగించుకున్నారు. హైదరాబాదులో కొన్నాళ్ళు, ఢిల్లీలో కొన్నాళ్ళు ఫైలు విశ్రాంతి తీసుకుని, చివరికి ఉత్తర్వు వచ్చింది. కుసుమ ప్రమాణం చేయడానికి మా ఆఫీసుకు వచ్చింది. ఓబులేసు, పిల్లలు వచ్చారు. చెన్నమ్మ కూడా వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే, "దీన్ని నమ్మి ఒంటరిగా పంపిస్తే ఈడ కూడా ఎవురి బిందో తన్నుతాది" అంది.

పాత పాస్‌పోర్టు అప్పగించాలి. కుసుమ ఇవ్వబోయి ఆగింది. "ఒక్కతూరి సూసుకుంటా మేడం" అని ఫొటో దగ్గర తెరిచి చూసుకుంది. అందులో బొద్దు మొహంతో, పెద్ద బొట్టు లేకుండా ఒక పడుచుపిల్ల ఉంది. తర్వాత నా చేతిలో పెట్టింది. వేళ్ళు మాత్రం వదల్లేదు, నేను మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది. ఫారంలో దానికి కాలమ్ లేదు. నేను ఫైలు వెతుకుతున్నట్టు బీరువా వైపు తిరిగాను.

ప్రమాణం తప్పు లేకుండా చదివింది. డీఆర్వో చేతులెత్తి నమస్కారం పెట్టాడు. అంతా అయిందనుకున్నప్పుడు చెన్నమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, ఒక మాట. ఇంగ దీన్ని సిలోన్‌దానా అనేదానికి లేదా?"

"లేదు చెన్నమ్మా. ఇప్పుడు ఆమె ఈ దేశం మనిషే."

"మరి బిందె తన్నితే ఏమని తిట్టాల?"

"మీ ఊరి ఆడవాళ్ళను ఏమని తిడతావో అట్లనే తిట్టు."

చెన్నమ్మ కుసుమ వైపు తిరిగి, "ఏమ్మే, ఓబులేసు పెండ్లామా! కదిరి బస్సు పోతాది, లెయ్" అంది.

ప్రమాణం చదివేటప్పుడు, పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు ఏడవని కుసుమ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చిన్నదాని జడ సరిచేసి, చెన్నమ్మ వెనకాలే మెట్లు దిగిపోయింది.